పాట మధ్యలో పేర్లు

2019. మెల్‌బోర్న్‌లో నా మాస్టర్స్ రెండో సెమిస్టర్. పొద్దున యూనివర్సిటీకి, మధ్యాహ్నం నుంచి క్లేటన్‌లో ప్రసాద్ అంకుల్ వీడియో స్టూడియోకి. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, చర్చి కూడికలు షూట్ చేసేది ఆయన, ఆడియో క్లీనింగ్ నాది. అంటే మైకులో పడ్డ దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు, పిల్లల ఏడుపులు తీసేయడం. బియ్యంలో రాళ్ళేరడం లాంటిదే, కాకపోతే చెవులతో ఏరాలి.

వూలన్ అక్క మా దగ్గరికి వచ్చింది అప్పుడే. ఇండోనేషియాలో తూర్పు జావా మనిషి. వారమంతా ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళకి సేవ, ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ వాళ్ళ కూడికల్లో డాంగ్‌డుట్ పాడేది. డాంగ్‌డుట్ అంటే అక్కడి జనం పాట. డోలక్కు లాంటి దరువూ, మన పాత హిందీ సినిమా పాటల వాసనా. మొదటిసారి వినగానే ఓసోస్, ఇది మనదేగా అనుకున్నాను. ఆమె పాడుతుంటే ఫోన్‌లో లైవ్ వెళ్ళేది. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, తైవాన్ ఫ్యాక్టరీల్లో ఉన్న మగవాళ్ళు వింటూ కామెంట్లు పెట్టేవాళ్ళు.

ఆమె భర్త యాంతో చేపల ఓడలో పనిచేస్తాడు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు. నెలల తరబడి తిరిగి, ఓడ రేవుకొచ్చినప్పుడే ఫోన్ పలుకుతుంది. పోయినసారి ఆ ఫోన్‌లోనే ఇద్దరూ పోట్లాడుకున్నారట. మాట మధ్యలో ఉండగా ఓడ కదిలింది, సిగ్నల్ పోయింది, కోపం అలాగే మిగిలిపోయింది. శుక్రవారం ఓడ మళ్ళీ రేవుకొస్తోంది, ఆ ఒక్కరోజే ఉంటుంది. ఆలోగా, పోయిన ఆదివారం కూడికలో అంకుల్ షూట్ చేసిన తన పాట శుభ్రంగా చేసిస్తే ఆయనకి పంపుతానంది.

పాట మొత్తం మధ్యమధ్య ఆమె ఏవో మాటలంటూ ఉంది. అంకుల్ విని, పాటలో ఈ సొదేంటమ్మా, పీకెయ్ అన్నారు. పీకేశాను. ఖాళీలు కూడా కుదించి, పాటని నున్నగా చేసిచ్చాం.

గురువారం ఆమె వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. సగంలోనే తీసేసింది.

"పాట ఉంది. మనుషులేరీ?" అంది.

అప్పుడు తెలిసింది. డాంగ్‌డుట్ పాడేవాళ్ళు చరణాల మధ్య వినేవాళ్ళని పేరుపెట్టి పిలుస్తారు. ఫలానా ఊరి ఫలానా అన్నకి సలాం, ఫలానా చెల్లికి సలాం అని. కామెంట్లలో జనం అడిగేదీ అదే. మేము సొద అని పీకేసినవన్నీ పేర్లే. అందులో ఒకటి యాంతోది.

"పాట ఎవరైనా పాడతారు. ఆయన వినేది నేను పేరు పిలుస్తానా లేదా అని. పిలవకపోతే నాకింకా కోపం పోలేదనుకుంటాడు," అంది. గట్టిగా కూడా అనలేదు. అలా అన్నందుకే నా ప్రాణం ఉసూరుమంది.

అంకుల్ మొహం పాలిపోయింది. శనివారం పెళ్ళి ఉందని కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేసేశారు. లైవ్ కూడా ఎక్కడా సేవ్ కాలేదు.

కానీ నాకో అలవాటుంది. కత్తిరించిన ముక్కల్ని డిలీట్ చెయ్యను. టైమ్‌లైన్ మీద, అంటే శబ్దాలన్నీ పరుచుకునే పట్టీ మీద, అడుగున ఇంకో ట్రాక్‌లో పెట్టి మ్యూట్ చేస్తాను. చీరాలలో మా అమ్మ టైలరు. గుడ్డముక్క పారేస్తే ఊరుకోదు, ఆ జబ్బే నాకూ అంటుకుంది.

ముక్కలున్నాయి, కానీ ఖాళీలు కుదించేశాం కాబట్టి ఏది ఎక్కడ అతకాలో నాకు తెలీదు. పేరు దరువు మీద పడకపోతే అతుకు తెలిసిపోతుంది. వూలన్ అక్క పక్కన కుర్చీ లాక్కుని, టేబుల్ మీద వేళ్ళతో దరువేస్తూ, "ఇక్కడ, దిక్, ఇక్కడ" అని చూపించింది. దిక్ అంటే వాళ్ళ భాషలో చెల్లీ అని. ఆ మధ్యాహ్నమంతా అదే పని. అంకుల్ టీలు పెట్టిచ్చారు. చీకటి పడకముందే ఫైల్ వెళ్ళిపోయింది.

శనివారం ఆమె నవ్వుతూ వచ్చింది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. యాంతో పోట్లాట ఊసే ఎత్తలేదట. పాట ఓడలో అందరికీ వినిపించాడట. మనలో నీ ఒక్కడి పేరేనా అని మిగతావాళ్ళు అలిగారట, ఈసారి వాళ్ళనీ పిలవమన్నాడట.

తర్వాతి నెల ఇంకో పాట తెచ్చింది. ఓడలో వంటవాడితో సహా అందరి పేర్లూ పిలిచింది. అప్పటికి నేను క్లయింట్‌ని అడక్కుండా దగ్గు కూడా తియ్యడం మానేశాను. పేర్లని తాకకుండా, వాటి వెనక ఫ్యాన్ హోరు ఒక్కటే తగ్గిస్తూ చివరి చరణం దాకా వచ్చాను. అక్కడ నాకు అర్థమయ్యే మాటలు రెండే వినిపించాయి. సునీత. సలాం.

ఆ దేశం వెళ్ళాక నా పేరు ఎవరైనా పిలిచారంటే అటెండెన్స్‌కీ, షిఫ్టులకీ మాత్రమే. సిగ్గు లేకుండా ఏడ్చేశాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

అంకుల్ వెనకనుంచి తొంగిచూసి, "అది ఉంచాలా అమ్మా?" అని అడిగారు.

"ఉంచాలి అంకుల్," అన్నాను.