కాటుక కారిపోయిన రాజకుమారి

మా చిన్నప్పుడు... ఏడో తరగతిల మా తెలుగు సారు సుద్దముక్క పక్కకు పెట్టి, ఈ పాఠం చదువుడు కాదు, ఆడుదాం అన్నడు. గంతే... క్లాసంతా ఒక్కటే లొల్లి.

అదొక పాత నవ్వుల నాటకం. ప్రేమ, మాయ ఉన్న కథ. ఒక రాజకుమారి ఎవ్వర్నీ చేసుకోనంటది. ఆమె నిద్రపోతుంటే మంత్రగాడొచ్చి కండ్లకు మాయ కాటుక పెడతడు. లేవంగనే మొదలు ఎవరు కనబడితే ఆయన మీదనే మనసు పడతదన్నట్టు. రాజకొడుకు కనబడాలె... గాని గరిటె పట్టుకొని వంటాయన కనబడతడు. ఆమె ఎంట పడతది, ఆయన ఉరుకుతడు. ఆఖరుకు వంటాయనతోనే పెండ్లి పీటల మీద కూసుంటది, అప్పుడు మంత్రగాడు చెంబు నీళ్ళతోని కాటుక కడుగుతడు. మాయ పోతది, రాజకొడుకుతోని పెండ్లయితది.

నెల్లికుదురు అవుతల తండా మాది. ఇంట్ల మా లంబాడి మాట, బడిల తెలుగు. అందరి మాటలూ నాకే నోటికొచ్చినయని సారు రాజకుమారి వేషం నాకిచ్చిండు. ఊరి పటేల్ కొడుకు మా క్లాసే... తండా పోరికి తెలుగు తిరగదు, రాజకుమారి అట, అని వారమంతా ఎక్కిరించిండు. సారు ఏం చేసిండు... వంటాయన వేషం వానికే ఇచ్చిండు.

నాటకం రోజు ఊరంతా వచ్చింది. మా యాడి గూడ వచ్చి అందరి ఎనక నిలబడ్డది. యాడి అంటే మా అమ్మ.

అంతా మంచిగనే నడిచింది... పెండ్లి పీటల మీద కూసునే దాక. నాకప్పటికి తెలిసింది మా తండా పెండ్లిళ్ళే. మా దాంట్ల పెండ్లిపిల్ల ఢావ్లో పెట్టాలె. అంటే తల్లిని, అక్కచెల్లెండ్లను పట్టుకొని రాగం తీసి ఏడ్వాలె. ఏడ్వని పిల్ల పెండ్లిపిల్లనే కాదు మాకు. ఆ రాగం చిన్నప్పటి సందే పెద్దోళ్ళ దగ్గర నేర్చుకుంటం.

సారు నేర్పిన దాంట్ల రాజకుమారి నవ్వుకుంట కూసోవాలె. నేనేమో పీట మీద కూసోంగనే ఢావ్లో ఎత్తుకున్న... మా మాటలనే, గొంతెత్తి. కావాలని చేసింది కాదు. అదే వచ్చింది. ఎనక నుంచి మా యాడి గూడ రాగం కలిపింది...

నిజం కన్నీళ్ళొచ్చినయి. కాటుకంతా చెంపల మీద కారింది. ముందర కూసున్న పోరి ఒకతి గట్టిగ అన్నది, "కాటుక పోయింది... ఇగ వంటాయన మీద ఇష్టం ఉండదు."

జనం నవ్వుడే నవ్వుడు. మంత్రగాడు చెంబు పట్టుకొని పక్కన నిలబడ్డడు, వానికి కడగనీకె ఏం మిగల్లే. పటేల్ కొడుకు అందరికన్న ఎక్కువ నవ్విండు. నాకు రేషమొచ్చింది. లేచి వాని చెయ్యి పట్టుకొని అన్న,

"కాటుక పోయినా ఈయన్నే చేసుకుంట."

వాని చేతిల గరిటె కింద పడ్డది. రెండు దినాలు బడికే రాలే. మళ్ళ నన్ను ఎప్పుడూ ఎక్కిరియ్యలే. సారు నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుసుకున్నడు... నాటకం పాడైంది గాని బిడ్డా, నువ్వు చెప్పిన కథనే మంచిగున్నది అన్నడు.

ఏడో తరగతితోని నా చదువు బంద్ అయింది. కథ మాత్రం పోలే. నా బిడ్డ అనూష హాస్టల్ నుంచి ఎప్పుడొచ్చినా అదే చెప్పమనేది. పదో తరగతి. వాళ్ళ పుస్తకంల గూడ ప్రేమ, మాయ ఉన్న నాటకమొకటి వచ్చిందట... మీదే నయం యాడీ అనేది. తనే గరిటె పట్టుకొని వంటాయన అయ్యేది, నన్ను పీట మీద కూసోబెట్టేది. ఢావ్లో నేర్పమన్నది, నేర్పిన. ఏడ్వమంటే మధ్యల నవ్వేది...

పోయిన వానకాలం దానికి జ్వరమొచ్చింది. ఐదు దినాలు దవాఖానల ఉన్నది. ఇంటికి రాలే...

మొన్న మిర్చి తొడిమెలు తీసుకుంట కూసున్నం. తండా ఆడపిల్లలు కాటుక కథ చెప్పమన్నరు. చెప్పిన. గరిటె లేకుంటే ఒక మిరపకాయ పట్టుకున్న. అందరు నవ్విండ్రు... నేను గూడ నవ్విన.

మా ఆయన అక్క, మా వదినె, ఒక్కసారిగ అన్నది, "బిడ్డ పోయి ఏడాది కాలే. నీకు నవ్వెట్ల వస్తున్నదే?"

అందరి చేతులు ఆగినయి. తల వంచుకొని లేచిపోతననుకున్నరు కావచ్చు. నేను లేవలే.

"ఏడ్సుడు నాకెవ్వరు నేర్పే పని లేదు వదినె. నేను దినాం ఏడుస్తున్న. గీ కథ మీద నవ్వినది నా బిడ్డ. అది గూడ బంద్ చేస్తే దాన్ని రెండోసారి పంపినట్టే. నేను బంద్ చెయ్య."

మళ్ళ మొదలుపెట్టి ఆఖరి మాట దాక చెప్పిన... కాటుక పోయినా ఈయన్నే చేసుకుంట. వదినె ముఖం పక్కకు తిప్పుకున్నది. నవ్విందో, ఏడ్సిందో... నేను చూడలే.

ఇప్పుడు తండాలల్ల పెండ్లంటే డీజే డబ్బాలు. ఢావ్లో పెట్టే పిల్లలే లేరు. ఆ రాగం ఇగ మా అసొంటోళ్ళ గొంతులల్లనే ఉన్నది. ఎవరన్న నేర్చుకుంటమంటే నేర్పుత... ఏడ్సుడు నేర్పుత, ఆ వెంటనే కాటుక కథ గూడ చెప్త. రెండూ తీసుకపోవాలె.

ఇది చదివి అయ్యో పాపం అని మాత్రం రాయకుండ్రి. మీ బడి నాటకంల మీరేం వేషం కట్టిండ్రో, యాడ తప్పిండ్రో రాయుండ్రి. జర నవ్వొచ్చేదే రాయుండ్రి... నా బిడ్డ ఫోటో ముందర కూసోని చదువుత.