మోరేశ్వర్ పంపిన మొదటిరోజు కవరు

మోరేశ్వర్ దేవస్థళి ముప్పై ఒక్క ఏళ్ళు నాసిక్ రోడ్డులో తపాలా బిళ్ళల అచ్చుశాలలో షీట్లు సరిచూశాడు. రంగు చెదిరినవి, అంచు తప్పినవి పక్కకి తీసేసేవాడు. ఇంట్లోనూ అదే చూపు. తండ్రి పోయిన పదమూడో రోజున, తల్లి ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి అందరూ కూర్చున్నారు. తమ్ముడు మాధవ్ నోరు తెరవబోతే, "చిన్నవాడివి, నువ్వూరుకో" అన్నాడు. మాధవ్ లేచి కొల్హాపూర్ బస్సెక్కాడు. మళ్ళీ మాటల్లేవు. తల్లి పెద్దకొడుకు ఇంట్లోనే రెండేళ్ళు ఉండి కన్నుమూసింది.

ఉద్యోగం చివరి ఏడాది చట్టసభ స్మారకంగా ఒక బిళ్ళ వచ్చింది. సభాభవనం బొమ్మ, కింద పాతకాలపు సంస్కృత వాక్యం: కలిసి నడవమని, కలిసి మాట్లాడమని. అందులో అక్షరాలు చెదరకుండా చూడటం అతని పని. రోజుకి కొన్ని వేలసార్లు చూశాడు. నాలుగోరోజుకి అన్నం సయించలేదు.

బిళ్ళ విడుదలైన రోజు సెలవు పెట్టి, సేకరించేవాళ్ళు దాచుకునే మొదటిరోజు కవరు మీద అది అంటించి, బొమ్మ చెడకుండా మూలకి మాత్రం తగిలేలా ఆ రోజు తేదీ ముద్ర కొట్టించాడు. మాధవ్‌కి చిన్నప్పటినుంచీ అలాంటి కవర్లు పోగుచేయడమంటే ప్రాణం. లోపల ఉత్తరం పెట్టి, అంటించి పంపాడు. ఏడాది గడిచినా జవాబు రాలేదు. వాడికీ పంతమే అనుకున్నాడు.

మాధవ్ పోయాడని కబురొస్తే వెళ్ళాడు. కర్మలయ్యాక మరదలు మందాకిని ఆల్బం తెచ్చి ముందు పెట్టింది. ఆ కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"ఇదొచ్చిన రోజు వీధంతా చూపించారు బావగారూ. 'అన్నయ్యకి నా పిచ్చి గుర్తుంది, రెండు ముక్కలు రాయడానికే చెయ్యి రాలేదు' అన్నారు."

"చింపి చూడలేదా?"

"నేనన్నాను. కత్తెర పడితే కవరు చచ్చినట్టేనట. లోపలుండేది కవరు వంగకుండా పెట్టే ఉత్త అట్టేనట. నువ్వెళ్ళి పప్పులో ఉప్పు చూసుకో అని వేళాకోళం కూడాను."

"అట్ట కాదమ్మా. ఉత్తరం."

మందాకిని కవరు చింపి పైకే చదివింది. ఆరోజు నిన్ను మాట్లాడనివ్వలేదు. తప్పు నాదే. వచ్చి చెప్పు, వింటాను.

ఉత్తరం మడిచి అంది: "ఆయన చెప్పాలనుకున్నది నాకు తెలుసు. చెప్పమంటారా?"

తలూపాడు.

"అత్తయ్యే అడిగిందట. నన్ను నీతో కొల్హాపూర్ తీసుకుపో, అన్నయ్యకి నువ్వే చెప్పు అని."

ఆ రెండేళ్ళూ తల్లి సాయంత్రమయ్యేసరికి కొల్హాపూర్ బస్సు ఎన్నింటికని అడుగుతుండేది. మతిమరుపనుకుని నవ్వేవాడు.

"ఇంకా?" అన్నాడు.

మందాకిని చెప్పసాగింది.