కమిటీ చూసిన ఇల్లు

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా దుప్పట్లు మడతపెట్టే మనిషిని మడత పిన్ని అని కాక ఇంకేమని పిలుస్తారు? తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు.

ఇస్త్రీ యంత్రం వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి రాగానే ఇటు ఒకరు, అటు ఒకరు కొసలు అందుకోవాలి. లాగాలి, దులపాలి, కొసకు కొస కలపాలి, మళ్ళీ లాగాలి. షిఫ్టుకు ఎనిమిది వందల దుప్పట్లు. మొదటి ఏడాది అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో ఏడాదికి వేడి తెలియడం మానేసింది. ఆ తర్వాత వేడితోపాటు ఇంకా చాలా సంగతులు తెలియడం మానేశాయి. మొగుడు పోయిన రోజున ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయని చెవులు కొరుక్కున్నవాళ్ళున్నారు. కొరుక్కోనీ. గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్ళలో ఒక్కరైనా మర్నాడు ఆవిడ బదులు షిఫ్టుకు వెళ్ళారా?

కాపురం ఆస్పత్రి వెనక సందులో, నాలుగంతస్తుల పాత భవనంలో, మూడో అంతస్తులో ఒకటిన్నర గది. అర గది అంటే తలుపు లేనిది. తోడుగా చెల్లెలు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని బడి పిల్లల యూనిఫాంలు కుడుతుంది, మధ్యమధ్య దగ్గుతుంది. దగ్గు ఎక్కడిదో అందరికీ తెలుసు. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు పదేళ్ళుగా పై అంతస్తు మీదుగా కారుతూ, చెల్లెలి మంచం పక్క గోడంతా నిలువెత్తున నల్లటి బూజు పట్టించింది. ఓనరుకు చెబితే "చూద్దాం" అనేవాడు. ఈ ఏడు "చూద్దాం" కూడా మానేసి, భవనం అమ్మేస్తున్నాను, డిసెంబరు ఆఖరుకు ఖాళీ చెయ్యండని ప్రతి తలుపుకూ ఒక కాగితం అంటించాడు.

ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? చుట్టుపక్కల గది అద్దె మడత పిన్ని జీతాన్ని మొత్తంగా మింగేస్తుంది. అద్దె అందుబాటులో ఉన్న గదులు ఊరి బయట, రెండు బస్సులు మారి వెళ్ళే చోట. అక్కడ మొదటి బస్సు బయలుదేరేది ఐదింటికి. ఇక్కడ షిఫ్టు మొదలయ్యేదీ ఐదింటికే. ఇందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు.

భవనానికి ఎదురుగా మూతపడ్డ బస్సు డిపో స్థలం ఉంది. ప్రభుత్వానిది. పిచ్చిమొక్కలు మొలిచి, కుక్కలు సంసారాలు చేసుకుంటున్నాయి. అలాంటి ఖాళీ స్థలాల గురించే ఆ ఏడాది శాసనసభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. దాన్లో ఐదో క్లాజు అని ఒకటుంది. ప్రభుత్వ స్థలంలో కట్టే ఇళ్ళలో మూడో వంతు దగ్గర్లో పనిచేసేవాళ్ళకు తక్కువ అద్దెకు ఇవ్వాలి, ఆ ఇళ్ళు లేచేదాకా పక్క భవనాల్లో అద్దెకున్నవాళ్ళను కదిలించకూడదు. ఇంతే. ఈ నాలుగు ముక్కల మీద నాలుగంతస్తుల జనం కూచుని ఉన్నారు.

వాళ్ళ తరఫున తిరుగుతున్నది అద్దెదారుల సంఘం. సంఘానికి పెద్ద కింది అంతస్తులో ఉండే రిటైరైన బస్సు కండక్టరు. మీటింగులో జనం గుమ్మం దగ్గర నిలబడితే ఇప్పటికీ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు. ఆయన్ని ఊరంతా బాబాయి అంటుంది. ఈవిడను ఊరంతా పిన్ని అంటుంది. కొత్తవాళ్ళు ఇద్దర్నీ కలిపి మొగుడూ పెళ్ళాలనుకుని "పిన్నీ, బాబాయి ఏరీ?" అని అడుగుతారు. అందుకని మడత పిన్ని ఒక్కతే ఆయన్ని గట్టిగా, నలుగురికీ వినపడేలా "కండక్టరుగారూ" అంటుంది.

కాగితాల పని చూసేది లాయరమ్మ. పాతికేళ్ళు దాటీ దాటని పిల్ల, భుజాన సంచీ, సంచీ నిండా అర్జీలు. శాసనసభ కమిటీ వాళ్ళు భవనం చూడటానికి వస్తున్నారని కబురు తెచ్చింది ఆ పిల్లే.

"ముగ్గురొస్తారు. గురువారం సాయంత్రం నాలుగింటికి. ఎవరూ ఏదీ సర్దకండి. ఉన్నది ఉన్నట్టు కనపడాలి," అంది.

"అంట్ల గిన్నెలు కూడానా?" అడిగింది రెండో అంతస్తు ఆయా.

"అంట్ల గిన్నెలు కూడా."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒంటిమీద గుడ్డ లేకుండా రమ్మన్నట్టుంది వాళ్ళకు. అయినా సరేనని తలలూపారు. మడత పిన్ని కూడా ఊపింది.

గురువారం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి రెండయింది. గుమ్మంలో నిలబడి తన ఇంటిని కమిటీ చూసినట్టు చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని అది. కారే చోట పెట్టిన బకెట్టు, దండెం మీద తడి బట్టలు, బియ్యం డబ్బా మీద పరుపు చుట్ట, ఆ గోడ. తెల్ల దుప్పటి మీద గోరంత మరక కనిపిస్తే వెనక్కి విసిరే మనిషి.

"ఏమే, ఈ బకెట్టు కాలికి అడ్డం వస్తుందేమో?" అంది.

"అక్కా, లాయరమ్మ ఏం చెప్పింది?" చెల్లెలు మిషను ఆపింది.

"బకెట్టు గురించి చెప్పలేదుగా."

బకెట్టు జరిగింది. అది జరిగిన చోట నేల మీద గుండ్రటి మరక బయటపడింది. మరక తుడిస్తే మిగతా నేల మాసినట్టు కనిపించింది. నేలంతా తుడిచాక దండెం మీది బట్టలు ఎబ్బెట్టుగా తోచాయి. పరుపు చుట్ట మిద్దెక్కింది. మూడుంబావుకి గోడ ఒక్కటే మిగిలింది.

"ఆ గోడ జోలికి పోకు," అంది చెల్లెలు. "వాళ్ళు చూడాల్సింది అదే."

"చూసి ఏమనుకుంటారే? ఈ ఆడవాళ్ళకు ఒక చీపురైనా లేదనుకుంటారు."

ఆస్పత్రివాళ్ళు పాతబడ్డ దుప్పట్లు పనివాళ్ళకు ఇచ్చేస్తారు. రెండు పరిచి, కొసకు కొస కలిపి, పైన నాలుగు మేకులు కొట్టి వేలాడదీసింది. ముడత లేకుండా లాగింది. గోడకు కొత్తగా సున్నం వేసినట్టే ఉంది.

పిన్ని ఒక్కతే చేసిందనుకునేరు. నాలుగంతస్తుల్లోనూ అదే వరస. రెండో అంతస్తు ఆయా మెట్లు కడిగింది. నాలుగో అంతస్తువాళ్ళు పగిలిన కిటికీకి కొత్త తెర కట్టారు. కండక్టరు బాబాయి అందర్నీ మించాడు. ఒకే గదిలో తొమ్మిది మంది ఉన్నారని తెలిస్తే భవనం పరువు పోతుందని మగవాళ్ళందర్నీ పోగేసి, టీ కొట్టుకు తోలి, "ఆరు దాకా రాకండి" అని చెప్పాడు.

కమిటీ వచ్చింది. పెద్దాయన ఒకరు అధ్యక్షుడు, ఆయన వెనక మెంబరమ్మ, వాళ్ళ వెనక కాగితాలు రాసుకునే ఆఫీసరు. లాయరమ్మకు అదే వేళకు కోర్టులో పనిపడి రాలేకపోయింది. పిన్ని ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో అధ్యక్షుణ్ణి కూచోబెట్టారు.

"ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా!" అంది మెంబరమ్మ.

"ఏదో, మాకున్నంతలో," అంది మడత పిన్ని.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

చుట్టాలు అడిగినప్పుడు ఏమంటామో నోరు అదే అంది. "ఏమీ లేదండీ, టీ తీసుకుంటారా?"

టీ తీసుకున్నారు. చెల్లెలు అర గదిలో కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంది. వాళ్ళు వెళ్ళాక ఆ సాయంత్రమంతా ఆడవాళ్ళు మెట్ల మీద కూచుని, మెంబరమ్మ ఎవరి ఇంట్లో ఏం మెచ్చుకుందో చెప్పుకున్నారు. అందరికీ ఏదో ఒకటి దక్కింది.

పదిహేను రోజుల తర్వాత లాయరమ్మ కమిటీ రిపోర్టు తెచ్చి మెట్ల మీదే నిలబడి చదివింది. భవనం నివాసయోగ్యంగా ఉంది, పరిశుభ్రంగా ఉంది, కిక్కిరిసినట్టు లేదు, అద్దెదారులు ఇబ్బందులేమీ లేవని స్వయంగా చెప్పారు. కాబట్టి ఐదో క్లాజుకు తక్షణ అవసరం కనబడటం లేదు, తొలగించవచ్చు.

"కిక్కిరిసి లేదా? నూట ఇరవై మంది ఉన్నారు ఈ భవనంలో! వీళ్ళకి కళ్ళున్నాయా? పిన్నీ, మీ గోడ కూడా కనపడలేదా వాళ్ళకి?" అంది లాయరమ్మ.

కండక్టరు బాబాయి తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"కప్పాను," అంది మడత పిన్ని.

"ఏంటి పిన్నీ?"

"గోడ. దుప్పటి కప్పాను."

లాయరమ్మ ఆయా వైపు చూసింది. ఆయా మెట్ల వైపు చూసింది. ఆ పిల్ల తిట్టలేదు. తిడితే కాస్త బాగుండేది. రిపోర్టు సంచీలో పెట్టుకుని పై మెట్టు మీద కూలబడింది. మడత పిన్నికి సిగ్గేమైనా వేసిందా అంటే, వెయ్యలేదు. దుఃఖమూ రాలేదు. రోలరు మధ్య నుంచి రావలసిన దుప్పటి రాకపోతే చేతులు అలా గాల్లో ఉండిపోతాయే, అలా ఉంది. అడిగింది, "ఇంకా ఎవరికైనా చెప్పుకోవచ్చా?"

"ఆఖరి విచారణ ఒకటుంది. సంఘానికి మూడు నిమిషాలు. బాబాయి మాట్లాడతారని రాసిచ్చాను."

"కండక్టరుగారు వద్దు. నేనొస్తా."

"ఏం చెప్తావు?" అన్నాడు బాబాయి.

"టీ కొట్టుకు ఎంతమందిని తోలారో అది చెప్తాను."

విచారణ గదిలో పొడవాటి బల్ల, బల్లకు అటు ఏడుగురు. మైకు ముందు మడత పిన్ని. లాయరమ్మ రాసిచ్చిన కాగితం చేతిలోనే ఉంది కానీ కళ్ళజోడు ఇంట్లో ఉంది.

"అయ్యా, మీరు చూసింది మా ఇల్లు కాదు. మీరొస్తున్నారని మేం సర్దిన ఇల్లు. గోడకు బూజుంది, దానికి దుప్పటి కప్పింది నేనే. మీరు టీ తాగుతుంటే మా చెల్లెలు లోపల దగ్గు మింగింది. మగవాళ్ళు నలభై మంది టీ కొట్లో ఉన్నారు. ఇబ్బంది లేదని చెప్పిందీ నేనే. అది అబద్ధం."

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "ఎందుకు దాచారమ్మా?"

"మీ ఇంటికి చుట్టాలొస్తుంటే మీరేం చేస్తారండీ?"

బల్ల వెనక ఎవరో నవ్వారు. మెంబరమ్మ కూడా నవ్వబోయి ఆగింది. మడత పిన్ని నవ్వలేదు, హాస్యమాడానని ఆవిడకు తెలియదు. అదే గొంతుతో చెప్పుకుపోయింది. "ఆ ఆస్పత్రిలో మీరు పడుకున్నా మీ వాళ్ళు పడుకున్నా కింద దుప్పటి మేం మడతపెట్టిందే. దాన్ని ఐదింటికి మడతపెట్టాలంటే మనిషి దగ్గర్లో ఉండాలి. ఉండటానికి గది కావాలి. ఎదురుగా స్థలం మీదే. కుక్కలకు అద్దె లేకుండా ఇచ్చారు. మాకు అద్దెకివ్వమంటున్నాం."

"ఇదంతా మార్కెట్టు చూసుకుంటుందమ్మా. ప్రభుత్వం వేలు పెడితే ఇళ్ళు కట్టేవాళ్ళు ముందుకు రారు," అన్నాడు చివర కూచున్న మెంబరు.

"పదేళ్ళుగా ఎవరూ వేలు పెట్టలేదుగా బాబూ, ఎంతమంది ముందుకొచ్చారు?"

మూడు నిమిషాలైందని గంట కొట్టారు. చెప్పిన సమయానికి ఆపడం ఆవిడకు అలవాటే. ఆపి, వచ్చి కూచుంది.

మరుసటి నెల బిల్లు నెగ్గింది. ఐదో క్లాజు మళ్ళీ చేరింది, కానీ వెళ్ళినట్టుగా తిరిగి రాలేదు. మూడో వంతు ఐదో వంతయింది. ఇళ్ళు లేచేదాకా పాతవాళ్ళను కదిలించకూడదన్న ముక్క ఎగిరిపోయింది. లాయరమ్మ మెట్లెక్కుతూనే అరిచింది. "పిన్నీ! డిపో స్థలంలో నూట అరవై ఇళ్ళు! తక్కువ అద్దెకి! చట్టంలో పడ్డాయి! నీ మాట వల్లే పిన్నీ!"

"ఎప్పటికి?"

లాయరమ్మ గొంతు తగ్గింది. "మూడేళ్ళు పట్టొచ్చు."

"మేం డిసెంబరుకు ఖాళీ చెయ్యాలి. నాకు ఉద్యోగం రెండేళ్ళుంది."

"అప్పటికి నువ్వు రిటైరవుతావు. అందులో ఉండాలంటే దగ్గర్లో పనిచేస్తూ ఉండాలి." ఆ పిల్ల కళ్ళు తడయ్యాయి. "నేను ఆ కదిలించకూడదన్న ముక్క కోసం ఇంకా గట్టిగా..."

"ఇంకొకళ్ళు ఉంటారులే," అంది మడత పిన్ని. చెల్లెలు మిషను ఆపి అక్క మొహం చూసింది. అందులో చూడటానికి ఏమీ దొరకలేదు.

"గోడలు లేవడానికా మూడేళ్ళు?"

"కాదు పిన్నీ. గోడలకు ఏడాది చాలు. ఫైలు ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరగడానికి రెండేళ్ళు."

"ఆ రెండేళ్ళు ఏ ఆఫీసులో ఉంటాయో రాసివ్వు."

డిసెంబరులో అక్కచెల్లెళ్ళు ఊరి బయటి గదికి మారారు. గోడ పొడిగానే ఉంది. చెల్లెలి దగ్గు తగ్గింది. మడత పిన్ని సూపర్వైజరును అడిగి మధ్యాహ్నం షిఫ్టుకు మారింది, ఆ షిఫ్టుకు జీతం కాస్త తక్కువ. పొద్దున పూట ఖాళీ దొరికింది. రెండు బస్సులు మారి, ప్రతి గురువారం ఫైలున్న ప్రభుత్వ స్థలాల ఆఫీసుకు వెళ్ళి బల్ల ముందు నిలబడటం మొదలుపెట్టింది.

"ఈ ఇళ్ళు మీకు రావు కదమ్మా, మీకెందుకు?" అన్నాడు నాలుగో వారం గుమాస్తా.

"నాకెందుకో తర్వాత. ఫైలు ఎక్కడుందో చెప్పు బాబూ."

గుమాస్తా నిట్టూర్చి, లేచి, బీరువా తెరిచాడు.