చచ్చిన చేప ముల్లు

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగో సంవత్సరం. చందానగర్ అంగట్లో చేపలు అమ్మేదాన్ని. నా పెనిమిటి పోయి ఏడాదైంది. ఇంట్లో నేనూ, నాలుగేళ్ల బిడ్డా, అంతే. నాకు తెలిసినవి చెరువు చేపలు. సముద్రం చేప కాకినాడ వైపు నుంచి ఐస్ పెట్టెల్లో ఎప్పుడైనా రైలుకు వచ్చేది.

ఒకనాడు పెట్టెలో కొత్త రకం కనిపించింది. అరచేయంత ఉంది. పలచటి ఒళ్లు, మట్టిరంగు మీద తెల్ల చుక్కలు, కుందేలు మూతి. చెరువు చేపను పట్టినట్టే వీపు మీద గట్టిగా పట్టి పైకి తీశాను. కుడి బొటనవేలి కింద ముల్లు దిగింది.

ముల్లు గుచ్చుకోవడం మాకు మామూలే. కానీ కాసేపటికే మంట మోచేతి దాకా పాకింది. చెయ్యి ఉబ్బింది.

"చచ్చిన చేప కుడ్తదానే? నకరాలు జెయ్యకు," అని పక్కన అమ్ముకునే రంగమ్మ నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. పాము కాటుకు కట్టినట్టు కొంగు చింపి మణికట్టు మీద బిగించింది. మంటకు చల్లదనం మంచిదని నా చెయ్యి ఐస్‌లో పెట్టింది. నొప్పి ఇంకా పెరిగింది. వేళ్లు నల్లబడుతుంటే నాకు చావు కనిపించింది. దవాఖాన దూరం, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు.

"రంగక్కా, నాకేమన్నయితే నా బిడ్డను జూస్తవా?"

"నోర్ముయ్. గట్ల మాట్లాడకు," అంది గానీ, చూస్తానని అనలేదు.

అప్పుడే చేపలకని ఒకావిడ వచ్చింది. కాకినాడ మనిషి, భర్తకు బాలానగర్ ఫ్యాక్టరీలో పని. పెట్టెలోని చేపనూ నా చేతినీ చూసింది.

"ముందు ఆ కట్టు విప్పండి. ఐస్ వద్దు, వేడినీళ్లు తెప్పించండి."

"గిది పానం దీస్తదా అమ్మా?" అని అడిగాను.

"తియ్యదండి. నొప్పి మాత్రం ఏడిపిస్తుంది. వలలోంచి తీసేటప్పుడు మావాళ్లకీ గుచ్చుకుంటుంది."

టీ కొట్టు నుంచి నీళ్లు వచ్చాయి. ముందు తన చెయ్యి ముంచి వేడి చూసి, తరువాత నాది పెట్టించింది. నొప్పి మెల్లగా దిగింది. చెయ్యి నీళ్లలో ఉండగానే ఆ చేప సంగతి చెప్పింది. సముద్రంలో రాళ్ల మధ్య, పగడపు దిబ్బల దగ్గర తిరుగుతుందట. నాచు మేస్తుంది, ఎవరి జోలికీ పోదు. మింగడానికి పెద్ద చేప వస్తే మాత్రం వీపు మీదా పొట్ట కిందా ముళ్లు నిక్కిస్తుంది. విషం ఆ ముళ్లలోనే, మాంసంలో ఉండదు. చచ్చినా ముల్లు విషం పోదు. అదే చేప రెండు కొనుక్కుని మరీ వెళ్లింది.

ఆ తరువాత ఎన్నేళ్లు అమ్మినా, పేరు తెలియని చేప వస్తే కత్తెరతో ముళ్లు తీశాకే ముట్టుకున్నాను. చచ్చిందని దేన్నీ నమ్మలేదు.

ముల్లు గుచ్చుకున్న ఆ రోజు సాయంత్రం మాత్రం, బిడ్డకు అన్నం కలపబోతే, విషం దిగిన చెయ్యి కదా అని ఆగిపోయాను. అది ప్రాణం తియ్యదని ఆవిడ చెప్పింది అబద్ధం కాదని తెలుసు. అయినా ఎడమ చేత్తో కలిపి ముద్ద పెట్టాను.

"గా చేత్తో తినొద్దంటవు గదమ్మా," అంది బిడ్డ.

"ఇయ్యాల తిను," అన్నాను.