సంపూర్ణమ్మ ఊపిరి

మండపేట ఉప్పుడు బియ్యం మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళను గుర్తుపట్టడానికి ముఖం చూడక్కర్లేదు, దగ్గు వింటే చాలు. సంపూర్ణమ్మది పొడి దగ్గు, చివర సన్నటి పిల్లికూతతో ఆగేది. ఆమె మొగుడు యెహెజ్కేలు ఆమె పనిచేసే మిల్లులోనే బస్తాలు మోసి, ఊక దుమ్ము మింగి, ఆఖరికి వెల్లకిలా పడుకోలేక గోడకు జారగిలబడి కూర్చునే పోయాడు. చివరి రోజుల్లో అతని నోట వచ్చింది ఒకటే మాట: "గాలాడట్లేదే." ఊరి చివర సమాధుల తోటలో అతణ్ణి పెట్టినప్పుడు పక్కనే ఇంకో మనిషి పట్టేంత చోటు అడిగి ఖాళీగా ఉంచుకుంది సంపూర్ణమ్మ. ఏటా సమాధుల పండుగకి అతని గోరీకి సున్నం వేసి, పక్కనున్న ఖాళీలో గడ్డి కూడా పీకి వచ్చేది. ఈ భూమ్మీద ఆమె నాది అనుకున్న స్థలం అదొక్కటే.

తనకూ అలాంటి చావే రాసిపెట్టి ఉందని ఆమెకు తెలుసు. ఒక చలికాలం పొద్దున మిల్లుకి వెళ్తూ ఆయాసంతో పార్కు మెట్ల మీద కూలబడింది. లోపల రేకుల షెడ్డు కింద యోగా నేర్పే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు వేణుగోపాలరాజు చూసి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"పీల్చకమ్మా. ముందు లోపలున్నది వదులు."

"వదిలితే మళ్ళీ రాదేమోనండి."

"వస్తుంది. పెదాలు మూసి, తుమ్మెదలాగా ఊఁ అను."

అంది. వచ్చింది. మొగుడు పోయాక ఛాతీ నిండా గాలి తెలియడం అదే మొదలు. ఆ మెట్ల మీదే ఏడ్చింది.

మర్నాటి నుంచి పనికి ముందు పార్కుకి వెళ్ళేది. వేణుగోపాలరాజు కూడా భార్య పోయిన ఇంట్లో తెల్లవారితే ఎవరితో మాట్లాడాలో తెలియక ఆ షెడ్డు చేరిన మనిషి. ఆయనకు యోగా అంటే పొద్దున్నే నలుగురు "మాస్టారూ" అని పిలవడం. కార్లలో వచ్చేవాళ్ళకు పొట్ట తగ్గడం. సంపూర్ణమ్మకు మాత్రం యెహెజ్కేలులా పోకుండా ఉండడం. ఆయన చెప్పిన సంస్కృతం ఆమెకు నోరు తిరగలేదు. ఊపిరి తీసేటప్పుడు మనసులో "తండ్రీ" అనుకునేది, వదిలేటప్పుడు "స్తోత్రం" అనుకునేది. చర్చిలో కూడా అంత నిదానంగా ఆమె ఎప్పుడూ ప్రార్థన చేయలేదు.

కొన్నాళ్ళకు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఊక షెడ్డు నీడలో తోటి ఆడవాళ్ళకూ నేర్పడం మొదలుపెట్టింది. అందరూ కళ్ళు మూసుకుని ఊఁ అంటుంటే పక్కింటి తలుపులమ్మకు నవ్వు ఆగేది కాదు.

"తేనెపట్టు పట్టిందనుకుని మేస్త్రీ పొగబెట్టేస్తాడే పిన్నీ!"

"పొగ కొత్తగా పెట్టాలేంటే? రోజూ బాయిలర్ పెట్టేదేగా. నోరు మూసుకుని ఊఁ అను."

ఆ మిల్లులో దుమ్ము లాగే ఫ్యాను చెడిపోయి ఏళ్ళయింది. దాన్ని బాగుచేయించని యజమాని యోగా దినానికి మాత్రం ఊరందరికీ చాపలు పంచాడు. తన మిల్లు కూలీ యోగా చేస్తుందని తెలిసి సంపూర్ణమ్మను ముందు వరసలో కూర్చోబెట్టించాడు. చేతులు జోడించమ్మా అని ఫొటోగ్రాఫర్ అంటే జోడించింది, పక్కన వేణుగోపాలరాజు నిలబడ్డాడు. ఆ బొమ్మ పేపర్లో పడింది, మిల్లు గేటు మీద ఫ్లెక్సీ అయింది. కింద "సూర్య నమస్కారం చేస్తున్న మా కార్మికురాలు" అని రాశారు.

ఆ సాయంత్రమే మరిది రమేష్ బాబు వచ్చాడు. అతడు చర్చి సంఘంలో పెద్ద.

"ఏంటి వదినా, సూర్యుడికి దణ్ణం పెడుతున్నావంట?"

"సూర్యుడెక్కడున్నాడయ్యా, ఆ రోజంతా మబ్బే. ఆ ఫొటో ఆయన చేతులు కలపమన్నాడు."

"కలిపావా లేదా?"

"కలిపాను."

"ఇంకేంటి మరి!"

"నాకు గాలాడుతోందయ్యా దానివల్ల. మీ అన్న ఎలా పోయాడో నువ్వు చూడలేదా?"

రమేష్ బాబు చూశాడు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పై నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. ఆడవాళ్ళంతా ముసుగులు వేసుకుని చాపల మీద కూర్చున్నారు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరుగుతోంది రమేష్ బాబే. సంపూర్ణమ్మ చెయ్యి చాపింది. పళ్ళెం ఆమె తల మీదుగా పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక ఆమె ముసుగు సర్దుకుంది.

బల్ల ఆపారంటే పోయేది రొట్టె ఒక్కటే కాదు. ఆపి ఉండగా మనిషి చనిపోతే సంఘం పాతిపెట్టదు, సమాధుల తోట గేటు తియ్యరు. యెహెజ్కేలు పక్కన చోటు ఇంకెవరికో పోతుంది.

ఆమె వేణుగోపాలరాజు దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, ఇది పూజ కాదని మా పాస్టరు అయ్యగారికి మీరొచ్చి ఒక్క మాట చెప్పండి."

ఆయన చాప చుడుతూ చాలాసేపు తాడు కోసం వెతికాడు. "మీ గుడి గొడవలోకి నేనొస్తే బాగోదమ్మా. అటు మీవాళ్ళూ అంటారు, ఇటు మావాళ్ళూ అంటారు. నువ్వే ఎలాగో సర్దుకో."

ఫొటో కోసం పక్కన నిలబడినప్పుడు ఆయనకు ఏ గొడవా గుర్తుకు రాలేదు.

ఇక మిగిలింది ఒప్పుకోలు. సంఘం ముందు నిలబడి, ఆ పని విడిచిపెట్టానని, ఇక చేయనని చెప్పాలి. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రవాడు, కమిటీ మాట కాదనలేనివాడు. "రెండు మాటలు చెప్పేస్తే చాలమ్మా," అన్నాడు బతిమాలుతున్నట్టు.

ఆదివారం లేచి నిలబడింది. నోరు తెరిస్తే మాట బదులు పిల్లికూత వచ్చింది. ఛాతీ బిగుసుకుంది. అందరూ చూస్తున్నారు. చెప్పడానికి గాలి కావాలి, గాలి తెచ్చుకునే దారి ఆమెకు ఒకటే తెలుసు. తల వంచి, పెదాలు మూసి, ఊఁ అని సన్నగా, నిదానంగా వదిలింది. మళ్ళీ వదిలింది. గదిలో అది మూలుగులాగా వినిపించింది.

ఆమె పశ్చాత్తాపపడి ఏడుస్తోందనుకున్నారు. వెనక ఎవరో "స్తోత్రం" అన్నారు, ఇంకొందరు అందుకున్నారు. రమేష్ బాబు ఒక్కడే తల దించుకున్నాడు. ఆయాసం వచ్చినప్పుడు వదిన తన ఇంటి అరుగు మీద చేసే ఆ చప్పుడు అతడు చాలాసార్లు విన్నాడు.

"విడిచిపెట్టానండి," అంది సంపూర్ణమ్మ. "ఇక చేయనండి."

రొట్టె ఇచ్చారు. తిని కూర్చుంది.

ఇంకొకరైతే అక్కడ అలా చెప్పి ఇంట్లో తలుపేసుకుని చేసుకునేవారు. లోకం నడిచేదే అలా. సంపూర్ణమ్మకు అది చేతకాలేదు. వానలు ముదిరి ఊక చెమ్మగిల్లి, దుమ్ము గొంతులో పేస్టులా పట్టుకుంటున్నా, మధ్యాహ్నాలు ఊక షెడ్డు వైపు వెళ్ళేది కాదు.

"నోటితోనేగా మానేశానన్నావు, ముక్కుతో చేసుకో పిన్నీ," అనేది తలుపులమ్మ.

"దేవుడి ముందు అన్నానే."

"మీ దేవుడు నిన్ను ఊపిరాపుకోమన్నాడా?"

"ఆయన అనలేదు. నేనన్నాను."

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆయాసం మందు పంపు నోట్లోకి కొట్టుకునేది. మందు అయిపోయేదాకా అది పనిచేసేది.

ఒక ముసురు రోజున వాన తెరిపిచ్చినప్పుడు ధాన్యం తిరగేస్తూ మిల్లు కళ్ళం మీద కూలిపోయింది. తలుపులమ్మ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో ఆటో కోసం పరిగెత్తారు. కళ్ళు తేలేస్తున్న సంపూర్ణమ్మ చెవి దగ్గర నోరు పెట్టి తలుపులమ్మ ఊఁ అంది. "అనవే పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి అను." సంపూర్ణమ్మకు వినిపించింది. తల అడ్డంగా ఊపింది. ఆటో వచ్చేసరికి మెడ వాలిపోయింది.

సమాధుల తోట గేటు రమేష్ బాబే తీశాడు. యెహెజ్కేలు పక్కనే పెట్టారు. గడ్డి ఆమె పీకి ఉంచిందే, తవ్వడం తేలికైంది. "మా వదిన మాట నిలబెట్టుకుంది," అని అతడు అందరితోనూ అన్నాడు, అడగనివాళ్ళతో కూడా. వేణుగోపాలరాజు గేటు బయట స్కూటర్ దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు.

మిల్లు గేటు మీది ఫ్లెక్సీ వానకి ఊడిపోతే మిల్లువాళ్ళు పారేయలేదు, తవుడు బస్తాల మీద కప్పారు. దాని మీద సంపూర్ణమ్మ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఉంటుంది. బస్తా తీయాలంటే తలుపులమ్మ రోజూ దాన్ని ఎత్తాలి. తిరిగి కప్పేటప్పుడు ముఖం లోపలి వైపుకి తిప్పి కప్పుతుంది, దుమ్ము పడకుండా.