అంటు కింది పిలక

పసుపు నది ఒడ్డున షిచువాన్ ఊరి తోటల్లో, ఇరవై అడుగుల నిచ్చెనను ఒంటి భుజాన మోసుకుపోయే ముసలివాడు వెయ్ చెంగ్‌లిన్ ఒక్కడే మిగిలాడు. డెబ్బై రెండేళ్ళు.

అతని బేరి చెట్లు తాత అంటు కట్టినవి. చలికాలంలో ఆ పళ్ళు నల్లగా గడ్డకడతాయి. నీళ్ళగిన్నెలో వేసి కరిగాక తొక్క చీల్చి పీలిస్తే తేనె.

మంచి కొమ్మ బతికేది అడవి బేరి వేరు మీద. ఆ వేరు తల ఎత్తకూడదు. ప్రతి వసంతంలోనూ చెంగ్‌లిన్ మోకాళ్ళ మీద కూర్చుని, అంటు ముడి కింద లేచిన ముళ్ళ పిలకల్ని మొదలంటా కోసేవాడు. యాభై ఏళ్ళలో ఒక్కటీ వదల్లేదు.

గట్టు అవతల హాన్ ఫెంగ్‌షియన్ తోట. భర్త పోయాక ఆమె కత్తి పట్టలేదు. ఒక పిలక ముదిరి మానై, మంచి చెట్టును పక్కకు నెట్టేసింది. శనగగింజంత కాయలు, నోట పెడితే వగరు.

"దొంగకి అన్నం పెట్టి పెంచుతున్నావు చెల్లెమ్మా."

"పెరగనీ అన్నా. నా అన్నమే కదా."

ఆ ఏడు కాయలు కోసే రోజుల్లో లాన్‌జౌ నుంచి బేరి జాతుల్ని పరీక్షించే అమ్మాయి వచ్చింది. కొత్త రకాలు పుట్టించడానికి తల్లిచెట్లు వెతుకుతోంది. చెంగ్‌లిన్ పళ్ళెం నిండా పళ్ళు పెట్టాడు. రెండు తింది, వేళ్ళు నాకింది, బాగున్నాయంది. తర్వాత గట్టు దాటింది. ఆ అడవి చెట్టు ఆకు కొలిచింది, ముల్లు కొలిచింది, కాయ కోసి గింజలు లెక్కపెట్టింది. చివరికి ఎంచుకున్న గుర్తుగా దానికి రేకుబిళ్ళ కట్టింది.

"నా చెట్టుకేం తక్కువ?" అన్నాడు చెంగ్‌లిన్.

"తక్కువేం లేదు తాతా. ఇలా తియ్యగా ఉండేవి మా దగ్గర బోలెడు. అన్నీ అక్కచెల్లెళ్ళే. ఒక్క తెగులొస్తే అన్నీ పోతాయి. చలికీ ఉప్పునేలకీ చావని మొండిది కావాలి. మీ తోటలో అలాంటిది లేదా?"

"ఉండేవి. నరికేశాను."

చలికాలమంతా ఆ రేకు ఎండకు మెరుస్తూ అతని కంట్లో పడింది. పళ్ళు కరగబెట్టుకు తింటే రుచి తెలియలేదు. కష్టపడ్డవాడు తను. బిళ్ళ బద్ధకానికి. టీ తాగేచోట ఫెంగ్‌షియన్‌ను 'రేకు చెట్టమ్మా' అని పిలుస్తుంటే లేచి వచ్చేశాడు.

వసంతం వచ్చింది. అన్నిటికన్నా పెద్ద చెట్టు మొదట్లో వేలెడు పిలక లేచింది, ముల్లుతో సహా. చెంగ్‌లిన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తి తెరిచాడు. ఒక్క పిలకా వదలొద్దని కత్తి చేతికిచ్చిన తండ్రి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కత్తి మూశాడు. చుట్టూ చూసి, ఎండుటాకులు తెచ్చి పిలకను కప్పాడు.

గట్టు మీద నుంచి గొంతు. "ఏం దాస్తున్నావన్నా? కత్తి మొద్దుబారిందా?"

"కళ్ళు మసక."

"నాది మాను కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది."

చెంగ్‌లిన్ ఆమె వెళ్ళేదాకా ఆగి, ఆకులు తప్పించి, జానతో కొలిచాడు.