తిన్నాక నేను లేవలేదు

శుక్రవారం సెలవు వచ్చిందంటే మా లేబర్ క్యాంపులో ఎవరి పండుగ వారిది. ఒకడు బట్టలు నానబెడతాడు. ఒకడు ఇంటికి వీడియో కాల్ చేసి పిల్లల హోంవర్కు దిద్దుతాడు. ఇద్దరు ముగ్గురు కలిసి మటన్ తెచ్చి, పొయ్యి దగ్గర ఉప్పు గురించి కొట్లాడుకుంటారు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని, అల్ ఖోర్ నుంచి దోహా వెళ్ళే బస్సు ఎక్కుతాను. వారమంతా బస్సు నడిపేవాడు సెలవు రోజున కూడా బస్సెక్కడమేమిటని మొదట్లో అందరూ నవ్వారు. వెళ్ళేది స్పానిష్ మాట్లాడటానికని తెలిశాక ఆ నవ్వు ఇంకా పెరిగింది.

నా పక్క మంచం వాడిది సిరిసిల్ల దిక్కు. సైటులో ఇనుప చువ్వలు కట్టే పని. వాడికి నేను కాకాను.

"కాకా, గీ వయసుల స్పానిష్ ఎందుకే నీకు? గాడ ఎవరినన్న చూసుకున్నవా ఏంది?"

"చూసుకున్న. నీకు చిన్నమ్మ అయితది, దండం పెట్టు."

"నిజంగ జెప్పు. కంపెనీ ప్రమోషన్ ఇస్తదా?"

"ఇయ్యది."

"మరి?"

"మరేంది? నువ్వు శుక్రారం పొద్దంత పండుకుంటవ్ గదా, దానికి కంపెనీ ఏమన్న ఇస్తదా?"

వాడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

నాలుగో తరగతి తర్వాత నాకు బడి లేదు. ఇంగ్లీషు స్పేర్ పార్టుల డబ్బాల మీద చదివి నేర్చుకున్నాను. అరబ్బీ గ్యారేజీలో తిట్లతో మొదలుపెట్టి మర్యాదల దాకా వచ్చాను. హిందీ, మలయాళం గదుల్లో పక్కవాళ్ళ దగ్గర పట్టుకున్నాను. ప్రతి భాష గుమ్మంలోనూ ఎవడో ఒకడు నిలబడి "నీకెందుకు?" అన్నాడు. అన్నవాళ్ళందరూ నాకు గుర్తే. మొదటి కంపెనీలో ఒక గుమాస్తా నా చేతిలోని ఇంగ్లీషు పేపరు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, తన టీ గ్లాసు కింద వేసుకున్నాడు. ఎంతకాలమైందో! ఆ కాగితం మీద పడిన టీ మరక ఏ వైపు పాకిందో కూడా ఇప్పటికీ చెప్పగలను. డ్రైవరుకు ఎన్ని భాషలు చాలో తేల్చే అధికారం వీళ్ళకు ఎవరిచ్చారు?

స్పానిష్ సంగతి నా బండిలోనే మొదలైంది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఏదో పెద్ద మరమ్మతు పనికి కొలంబియా వాళ్ళు కొందరు వచ్చారు. వాళ్ళను పొద్దున్నే తీసుకెళ్ళి సాయంత్రం తిరిగి దింపడం నా డ్యూటీ. దారి పొడవునా మాటలు, మాటల మధ్య నవ్వులు. నా బండిలో, నా వీపు వెనక, నాకు అర్థం కాని నవ్వు నడుస్తుంటే నాకు పడలేదు. నన్ను చూసే నవ్వుతున్నారేమో అన్న అనుమానమూ ఉంది, దాచేదేముంది? వాళ్ళను దింపాక మళ్ళీ ఎక్కించుకునే దాకా బండిలో ఊరికే కూర్చోవాలి. ఆ వేళంతా ఫోన్‌లో పాఠాలు విన్నాను. విన్నది అద్దంలో చూసుకుంటూ అప్పజెప్పాను. కొన్ని నెలలకు తెలిసింది, వాళ్ళు నవ్వుతున్నది నన్ను చూసి కాదు, వాళ్ళ ఫోర్‌మాన్‌ను చూసి. ఒకరోజు నాకూ నవ్వు ఆగలేదు. ముందు సీట్లో కూర్చునే నెరిసిన జుట్టు వెల్డర్ మాట ఆపి అద్దంలో నా కళ్ళలోకి చూశాడు.

"నీకు అర్థమైందా?"

"మొత్తం కాలేదు. ఫోర్‌మాన్ పొట్ట దాకా అర్థమైంది."

బస్సంతా గొల్లుమంది. ఆ వెల్డరే నన్ను దోహాలో అల్ హిలాల్ వైపు ఒక విల్లాకు తీసుకెళ్ళాడు.

అక్కడ వాళ్ళ దేశపు సంగీతం టీచరమ్మ ఒకావిడ ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆమె ఇంట్లో పెద్ద భోజనబల్ల చుట్టూ కొంతమంది చేరతారు. సగం మంది స్పానిష్‌లో పుట్టి పెరిగినవాళ్ళు, సగం మంది నేర్చుకునేవాళ్ళు. తలా ఒక వంట తేవాలి. గడప దాటాక స్పానిష్ తప్ప ఇంకో భాష వినపడకూడదు. ఎవరి ఉద్యోగం ఏమిటని అడగకూడదు. ఈ చివరి కట్టుబాటు నాకు అన్నిటికంటే నచ్చింది. వారమంతా "డ్రైవర్!" అన్న కేకకు పలుకుతాను. వారానికి ఒక్క సాయంత్రం, ఒక్క బల్ల దగ్గర, మాట్లాడే మనిషిగా నాకొక కుర్చీ కావాలనిపించింది. అంతకు మించి నేను అడగలేదు. అంతకు తగ్గేది కూడా లేదు.

తీరా మొదటి సాయంత్రమే ఆ కుర్చీ పోగొట్టుకున్నాను.

మా క్యాంపు మెస్సులో బల్లలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒక షిఫ్టు తింటుంటే ఇంకో షిఫ్టు పళ్లేలు పట్టుకుని వెనక నిలబడి ఉంటుంది. అక్కడ తిన్నాక కూర్చోవడమంటే వెనకవాడి అన్నం మీద కూర్చోవడమే. చివరి ముద్ద నోట్లో ఉండగానే లేస్తాం, పళ్లెం కడుగుతాం, "యల్లా, కానీ కానీ" అంటూ జాగా ఇస్తాం. ఇన్నేళ్ళ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. టీచరమ్మ ఇంట్లో కూడా తినడం అవగానే నా కాళ్ళు నన్ను అడక్కుండానే లేచాయి. నా పళ్లెం తీశాను. పక్కాయనది తీశాను. తీసినవాణ్ణి సగంలో ఆపడం బాగుండదని మిగతావీ తీసుకుని వంటింట్లోకి నడిచి కుళాయి తిప్పాను. నలువైపుల నుంచీ "గ్రాసియాస్" అని థాంక్సులు వినిపించాయి. పొంగిపోయాను కూడా.

తర్వాతి వారం బస్సులో వెల్డర్ చెప్పాడు, వాళ్ళకు అసలు సాయంత్రం మొదలయ్యేది తిన్నాకేనని. ఎంగిలి పళ్లేలు అలాగే ముందు పెట్టుకుని, చేతులు ఎండిపోయేదాకా, మాట మీద మాటగా గంటలు గంటలు కూర్చుంటారట. దానికి వాళ్ళ భాషలో సోబ్రెమేసా అని ఒక పేరే ఉంది. తినేటప్పుడు ఏం మాట్లాడతారు, అందరి నోళ్ళూ నిండే ఉంటాయి! భాష కోసం అంత దూరం వెళ్ళినవాణ్ణి, సరిగ్గా భాష మొదలయ్యే వేళకు నేను సింకు ముందున్నాను.

ఈసారి కూర్చుందాం అనుకుని వెళ్ళాను. అయితే ఈసారి పళ్లేలే నా దగ్గరికి నడిచి వచ్చాయి. మాట ఆపకుండా, నా వైపు చూడకుండా, ఒకరి తర్వాత ఒకరు పళ్లెం నా ముందుకు జరిపారు. ఆ జరపడం మొదలుపెట్టింది మనవాడే. కాకినాడ వైపు ఇంజనీరు, కంపెనీ తనను స్పెయిన్ పంపుతుందని నేర్చుకుంటున్నాడు. నా చెవిలో మెల్లగా తెలుగులో అన్నాడు:

"మీరు రాబట్టి టీచరు గారికి ఎంత సుఖంగా ఉందోనండీ బాబాయ్ గారూ. లేకపోతే పాపం, అన్నీ ఆవిడే కడుక్కునేవారండీ."

తిట్టి ఉంటే నా దగ్గర జవాబుండేది. మెచ్చుకున్నవాణ్ణి ఏమనను? వెళ్ళి కడిగాను. అలా కొన్ని వారాలు నడిచింది. ఆ వారాలన్నిట్లో నేను స్పానిష్ మాట్లాడింది కుళాయితోనే. గోడ అవతల వాళ్ళు ఎన్నికల గురించి, అత్తల గురించి, చేపల గురించి వాదించుకుంటుంటే, సగం మాటలు నీళ్ళ చప్పుడులో కొట్టుకుపోయేవి.

ఒక శుక్రవారం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే సిరిసిల్ల వాడు నా మొహం చూసి అన్నాడు. "మనసుకు పట్టకపోతే పోకు కాకా. గాళ్ళతోని నీకేంది?"

"పోత. పోయి, లేవకుంట కూసుంట."

"కూసునుటానికి గంత దూరం పోవాల్నా? గీడ మంచం లేదా?"

ఆ సాయంత్రం అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర, కోడి వేపుడు, నా పులిహోర. తిన్నాను. చెయ్యి తుడుచుకున్నాను. రెండు కాళ్ళూ కుర్చీ కాళ్ళకు మెలేసి కూర్చున్నాను. ఒంట్లో ప్రతి ఎముకా లే లే అంటోంది. డ్యూటీలో ఎవరి సామానైనా ఎత్తి బండిలో పెడతాను, దానికి నాకు చిన్నతనం లేదు. కానీ ఇది డ్యూటీ కాదు, ఇది నా శుక్రవారం.

ఇంజనీరు పళ్లెం జరుగుతూ వచ్చి నా మోచేతిని తాకి ఆగింది. నేను దాన్ని చూశాను. ఆయన్ని చూశాను.

"బాబాయ్ గారూ, ప్లేట్లండీ..."

"ఇక్కడ వేరే భాష మాట్లాడకూడదు బాబూ," అన్నాను స్పానిష్‌లో, అందరికీ వినపడేలా.

బల్ల చుట్టూ నవ్వులు. ఆయన మొహం కందిపోయింది. స్పానిష్‌లోకి మారి అడిగాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది. బాగుంది కనుకే కూర్చున్నాను."

టీచరమ్మ చేతులు తట్టింది. "అమ్మయ్య! మాతో కూర్చోవడం మీకు ఇష్టం లేదనుకున్నాం. ప్రతివారం వంటింట్లోకి పారిపోతారుగా."

అవునవునని అందరూ తలలూపారు. అనుకున్నారట! ఇంతమంది, ఇన్ని వారాలు, కడుపునిండా తిని, చల్లగా అనుకున్నారట! వచ్చిన స్పానిష్ అంతా ఒక్కసారిగా నోటికొచ్చింది.

"మీరు అనుకుంటూ కూర్చుంటే నా చేతులు తడిశాయి. ఇంటికొచ్చినవాడు ఒకసారి గిన్నెలు కడిగితే అది వాడి మర్యాద. రెండోసారి లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం మీ మర్యాద."

"పిలిచాను. రెండుసార్లు పిలిచాను," అందామె. "కుళాయి చప్పుడులో మీకే వినపడలేదు."

"వినపడకపోతే లేచి రావాలి. వంటింటికి వీసా కావాలా?"

వెల్డర్ బల్ల మీద గుద్దాడు. "అతను చెప్పింది నిజం. మనది తప్పు."

"నీది మరీ తప్పు. నువ్వే తీసుకొచ్చావు, నువ్వూ పళ్లెం జరిపావు," అన్నాను.

టీచరమ్మ నవ్వుతూనే నా మాటలో ఏదో దిద్దబోయింది. "తర్వాత దిద్దండి, ముందు జవాబు చెప్పండి," అన్నాను. ఆమె చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ఇంకొకరు ఆమె వైపు మాట్లాడారు, వాళ్ళకూ జవాబు చెప్పాను. నా మాటల్లో నిన్న, నేడు, రేపు కలగాపులగమయ్యాయి. అయినా ఏ ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. నాతో పోట్లాడారు, అదీ సమానంగా! కోడి ఎముకలు పళ్లేల్లో ఎండిపోతున్నాయి. ఎవరికీ పట్టలేదు.

చివరికి ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగింది. "సరే, మీ దగ్గర తిన్నవెంటనే ఎందుకు లేస్తారు? అది చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాను. మెస్సు, తక్కువ బల్లలు, వెనక నిలబడే షిఫ్టు. అందరూ ముందుకు వంగి వింటున్నారు. నేను రెండో షిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు నెమ్మదిగా లేచి, తన పళ్లెం తీసుకుని, పక్కవాళ్ళవి దాని మీద పేర్చుకుంటూ వచ్చాడు. నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేను నా పళ్లెం ఎత్తి ఆయన చేతికిచ్చాను. ఎముకలు కింద పడకుండా చూసుకో బాబూ అని స్పానిష్‌లోనే చెప్పి, రెండో షిఫ్టును మెస్సులోకి రానిచ్చాను.